గాజుపెట్టెలో సముద్రం: నీటి నిలకడ గురించి కొన్ని మాటలు

(మన సంఘం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత నేను పెట్టుకున్న వ్యాపకం గురించి ఓ అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. కరువుభత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకోవలసిన సభలో చేపల తొట్టి ప్రస్తావన ఏమిటని మొదట కొంత తటపటాయించాను. అయితే నేను చెప్పబోయేది చేపల గురించి తక్కువ, నీళ్ల గురించి ఎక్కువ. ముప్ఫై యేళ్ల పైచిలుకు నీళ్లను పరీక్షించి జీతం తీసుకున్నవాణ్ణి కనుక ఆ మేరకు మాట్లాడే అర్హత ఉన్నదనుకుంటున్నాను.

మీలో చాలామందికి తెలుసు, నేను చివరగా పనిచేసింది భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, కెమిస్టుగా. అక్కడ 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తిలోకి వచ్చాయి. థర్మల్ కేంద్రమనగానే అందరికీ బొగ్గు గుర్తొస్తుంది. కానీ బాయిలరుకు బొగ్గు ఎంత ముఖ్యమో నీరూ అంతే ముఖ్యం. ఆ నీటిలో కాఠిన్యం ఉండకూడదు, సిలికా ఉండకూడదు, పీహెచ్ అటూ ఇటూ కదలకూడదు. కదిలితే గొట్టాల లోపల పొలుసు కడుతుంది, లేదా ఇనుము తినేస్తుంది. మన ఇళ్లలో గీజరు కాయిలు మీద, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర ఉన్నదే, ప్రధానంగా అదే కాల్షియం కార్బొనేట్. బాయిలరులో దాన్ని పుట్టకుండా చూడడమే నా ఉద్యోగం.

ఇక్కడే ఒక తమాషా ఉంది. నత్తగుల్ల ఆ కాల్షియం కార్బొనేటే. కోడిగుడ్డు పెంకు అదే. సముద్రంలో మైళ్ల పొడవున పెరిగే పగడపు దిబ్బలు కూడా అదే. చిటికెన వేలి గోరంత కూడా లేని జీవులు నీటిలోని కాల్షియాన్నీ, కార్బొనేటునూ తీసుకుని, ఒకదాని మీద ఒకటి ఇల్లు కట్టుకుంటూ పోతే దిబ్బ తయారవుతుంది. అంటే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏది పుట్టకుండా కాపలా కాశానో, ఇప్పుడు ఇంట్లో దాన్నే పుట్టించడానికి తంటాలు పడుతున్నానన్నమాట. "రిటైరయ్యారు గానీ ల్యాబు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు" అని మా శ్రీమతి ఆరోపణ. అది నిజమే కనుక ఖండించడం లేదు.

మన తెలుగు నాట ఇంత పొడవైన సముద్ర తీరం ఉన్నది కదా, మరి పగడపు దిబ్బలు ఎందుకు లేవని ఎవరికైనా సందేహం రావచ్చు. మన దేశంలో పెద్ద దిబ్బలున్నవి నాలుగు చోట్ల: మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు. మన తీరానికి ఆ భాగ్యం లేకపోవడానికి పెద్ద కారణం మన నదులే. మన భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి వానాకాలంలో ఎలా ఎర్రగా పారుతుందో మీరంతా చూసినవారే. ఆ మంచినీరూ, ఆ ఒండ్రూ వెళ్లి బంగాళాఖాతంలో పడుతున్నాయి. కృష్ణ నీరూ అక్కడికే. సంవత్సరంలో కొన్ని నెలలు తీరపు నీటి ఉప్పదనం పడిపోతుంది, మరికొన్ని నెలలు మళ్లీ పెరుగుతుంది. చేపలు తట్టుకుంటాయి, కావలసిన చోటికి ఈదిపోతాయి. పగడం రాయికి అతుక్కున్న ప్రాణి, అది ఎక్కడికి పోతుంది? మన పంటకు ప్రాణం పోసే నదే అక్కడ పగడాన్ని బతకనివ్వదు. దానికి కావలసింది మంచి నీరు ఒక్కటే కాదు, మారని నీరు. ఈ ఒక్క విషయం మీకు చెప్పాలనే వచ్చాను.

మారని నీరంటే ఎలాంటిదో అంకెల్లో చెబుతాను. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. కాల్షియం లీటరుకు 410 మిల్లీగ్రాముల చుట్టూ, మెగ్నీషియం 1,300 చుట్టూ, పీహెచ్ 8.1 నుండి 8.3, ఉష్ణోగ్రత దిబ్బల దగ్గర 25 నుండి 28 డిగ్రీలు. మొత్తం కాఠిన్యం లెక్కగడితే 6,300 దాటుతుంది. తాగే నీటికి భారతీయ ప్రమాణం వేరే వనరు లేనప్పుడు కూడా 600 దాటకూడదంటుంది కనుక, మన జనగామ బోరునీళ్లు ఎంత గట్టివని తిట్టుకున్నా సముద్రం ముందు అవి పసిపిల్లలే.

తొట్టి సంగతికి వచ్చేముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే మనం పెన్షనర్లం, ఈ వయసులో కేసులు మనకొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుండి రాతి పగడాలన్నీ ఉన్నాయి. పులి ఉన్న జాబితాలోనే పగడమూ ఉంది. సముద్రపు గుర్రాలకూ అదే రక్షణ. నగరంలో ఎవరో దుకాణదారు "ఏం కాదు సార్, అందరూ పెట్టుకుంటున్నరు" అని చిన్న ముక్క చేతిలో పెడితే తీసుకోవద్దు. నా తొట్టిలో పగడం లేదు. మనుషులు తయారు చేసిన రాళ్లున్నాయి. వాటి మీద సున్నం పేర్చుకుంటూ పెరిగే గులాబి రంగు రాతి నాచు ఉంది. నత్తలున్నాయి, రెండు రొయ్యలున్నాయి, నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్ చేపలు ఒక జత ఉన్నాయి. ఈ చేపలను హేచరీలో గుడ్డు నుండి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలే రూపొందించారు కనుక, వీటి కోసం సముద్రం మీద చెయ్యి వేయనక్కరలేదు. పగడం లేకపోయినా ఆ నాచుకూ, నత్తలకూ కావలసిన నీరు దిబ్బ నీరే. కనుక లెక్కలన్నీ అవే.

జనగామలో సముద్రం ఎక్కడిది? తయారు చేసుకోవాలి. అందుకు ముందు నీటిలో ఉన్నదంతా తీసేయాలి. మన వైపు బోరునీటిలో కాఠిన్యం సరే, చాలా ఊళ్లలో ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా ఉంటాయి. నల్లా నీటిలో బ్లీచింగ్ పౌడరు తాలూకు క్లోరిన్ ఉంటుంది. ఆర్.ఓ. యంత్రం చాలా వరకు తీసేస్తుంది గానీ, ఇళ్లలో వాడే యంత్రాలు చాలావాటిలో రుచి కోసం కొంత పచ్చి నీటినో, ఖనిజాలనో మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ నీరు పనికిరాదు. పొర నుండి నేరుగా వచ్చే నీటిని పట్టి, దాన్ని మళ్లీ రెజిన్ గుండా పంపాలి. మా డి.ఎం. ప్లాంటులో రెండంతస్తుల ఎత్తు పాత్రలలో ఉండే రెజిన్ లాంటిదే, ఇక్కడ మోచేయంత గొట్టంలో ఉంటుంది. మీటరు పెడితే సున్నా చూపాలి.

ఆ నీటిలో ఉప్పు కలపాలి. ఏ ఉప్పు? "చినగంజాం ఉప్పు సముద్రం నుండి వచ్చిందే కదా, అది వేస్తే చాలదా" అని మా వీధి మిత్రుడొకరు అడిగారు. మంచి ప్రశ్న. ఉప్పు మడిలో నీరు ఎండేటప్పుడు కాల్షియం ముందే చాలావరకు అడుగున దిగిపోతుంది, తర్వాత సోడియం క్లోరైడ్ గట్టిపడుతుంది, మెగ్నీషియం ఆఖరున మిగిలే చేదు నీళ్లతో పోతుంది. మన కూరలోకి వచ్చేది మధ్య ముక్క మాత్రమే. సముద్రాన్ని తిరిగి తయారు చేయాలంటే మూడు ముక్కలూ కావాలి. అందుకని అక్వేరియంల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన మిశ్రమాన్నే కొనాలి. నా తొట్టి 200 లీటర్లు, అందులో కరిగి ఉన్నది 7 కిలోల లవణం.

నీరు సిద్ధం కాగానే చేపలు వేయకూడదు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరో రకం నైట్రేటుగా మారుస్తాయి. అవి రాళ్ల మీద స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పైగా సముద్రపు పీహెచ్ దగ్గర అమ్మోనియా మరింత విషం. పీహెచ్ ఒకటి పెరిగితే విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. ఆ ఆరు వారాలూ మా మనవడు బడి నుండి రాగానే ఖాళీ తొట్టి ముందు నిలబడి "తాతా, చేపలెప్పుడు?" అనేవాడు. టెస్టు గొట్టంలో పసుపు రంగు వస్తే చేపలు, ఆకుపచ్చ వస్తే లేదు అని వాడికే పరీక్ష నేర్పాను. అడగడం మానేసి తనే చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇక అసలు కష్టం. మేలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, తొట్టి 28 దాటకూడదు. చల్లబరిచే యంత్రం ఖరీదు నా పెన్షనుకు అందేది కాదు. నీటి మట్టం మీదుగా చిన్న ఫ్యాను పెట్టాను. ఇది మన రంజన్ సూత్రమే. లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. రెండు లీటర్లు ఆవిరైతే, బయటి వేడి లోపలికి రాదనుకుంటే, 200 లీటర్లను 6 డిగ్రీల దాకా చల్లబరచగలదు. చౌక మందే. కాకపోతే దీనికో తోక ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉంటుంది. కూలింగ్ టవర్లలో పనిచేసిన మిత్రులకు ఇది కొత్త కాదు. అక్కడ చిక్కబడిన నీటిని కొంత బయటికి వదిలి కొత్త నీరు పోస్తాం. ఇక్కడ తగ్గినంత మేరకు ఉప్పు లేని శుద్ధజలం పోయాలి.

మహబూబాబాదులో మా బావమరిది నన్ను చూసి 150 లీటర్ల తొట్టి పెట్టాడు. మూడు వారాల తర్వాత ఫోను. "బావా, రొయ్యలు రెండూ సచ్చిపోయినయ్. చేపలు మూలకు నిలబడ్డయ్." వెళ్లి హైడ్రోమీటరు వేసి చూస్తే 1.025 ఉండవలసిన సాంద్రత 1.033 ఉంది. రోజూ ఎన్ని నీళ్లు పోస్తున్నావని అడిగితే "రెండు లీటర్లు, ఉప్పునీళ్లే. పోయింది సముద్రపు నీళ్లు గద బావా, అవే పోసిన" అన్నాడు. రెండు లీటర్లు, లీటరుకు 35 గ్రాములు, 21 రోజులు: 1,470 గ్రాముల ఉప్పు అదనంగా చేరింది. లీటరుకు 35 ఉండవలసింది 45కు దగ్గరైంది. ఇప్పటికిప్పుడు సగం నీళ్లు తీసి మంచినీళ్లు పోద్దామని బకెట్టు తెచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ఆ చేపలు మూడు వారాలలో మెల్లగా ఆ ఉప్పుకు అలవాటు పడినవి, గంటలో కిందికి దించితే వాటి ఒంట్లో నీటి లెక్క తలకిందులవుతుంది. రోజుకు కొన్ని లీటర్లు తీసి, అంతే శుద్ధజలం పోస్తూ, రోజుకు 0.001 చొప్పున ఎనిమిది రోజులు పట్టి దించాం. మా చెల్లెమ్మ, అంటే వాళ్లావిడ, రోజూ సాయంత్రం అంకె ఫోనులో చదివేది. చేపలు రెండూ దక్కాయి. ఎనిమిది రోజులూ మా బావమరిది "ఇంత నిదానమైతే ఎట్ల బావా" అంటూనే ఉన్నాడు.

క్షారత గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అన్నిటిలో నాకు ఇష్టమైన పరీక్ష అదే. పీహెచ్ కదలకుండా పట్టి ఉంచే శక్తి క్షారతది. వంద మిల్లీలీటర్ల నీటిని తీసుకుని, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ నుండి పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం వదలాలి. నీరు పసుపు నుండి నారింజకు తిరిగే చోట ఆపాలి. ఏబయ్యో వంతు నార్మల్ ఆమ్లం వాడితే ఒక్కో మిల్లీలీటరు లీటరుకు 10 మిల్లీగ్రాముల క్షారతకు సమానం. సముద్రపు నీటికి పన్నెండున్నర మిల్లీలీటర్ల దగ్గర రంగు తిరుగుతుంది, అంటే 125. అక్వేరియం పుస్తకాలలో దీన్ని జర్మన్ డిగ్రీలలో రాస్తారు, 17.9తో భాగిస్తే 7 డిగ్రీలు. తొట్టిలో 7 నుండి 10 దాకా ఎక్కడున్నా ఫరవాలేదు. ఇవాళ 7, రేపు 10, ఎల్లుండి 8 అయితే మాత్రం ఫరవా ఉంది. ఎనిమిదిలో ఉంటే ఎనిమిదిలోనే ఉంచండి.

తగ్గితే పెంచడానికి మన వంటసోడా చాలు. 200 లీటర్లలో ఒక డిగ్రీ పెంచడానికి 6 గ్రాములు. గ్లాసు శుద్ధజలంలో కరిగించి, నీరు పారే చోట మెల్లగా పోయాలి. రోజుకు ఒక డిగ్రీకి మించవద్దు. అయితే సోడా క్షారతను మాత్రమే ఇస్తుంది. నత్తలూ, నాచూ కాల్షియాన్ని కూడా లాక్కుంటాయి, పైగా రెంటినీ ఒకే నిష్పత్తిలో లాక్కుంటాయి: 20 మిల్లీగ్రాముల కాల్షియానికి 2.8 డిగ్రీల క్షారత. ఆ రెండూ అదే నిష్పత్తిలో ఉన్న పదార్థం మనకు తరతరాలుగా తెలిసినదే, సున్నం. తమలపాకుకు రాసే సున్నంలో ఉండే కాల్షియం హైడ్రాక్సైడే ఇక్కడా కావాలి, కాకపోతే బజారు సున్నం కాదు, ప్రయోగశాలకు వాడే శుద్ధమైనది. లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాములు దాటి కరగదు. బాగా కలిపి, మూత పెట్టి, పైకి తేరుకున్న సున్నపు తేటను మాత్రమే వాడాలి. వారానికి రెండు రాత్రులు లీటరు చొప్పున, సెలైన్ ఎక్కించే గొట్టంతో చుక్క చుక్కగా వదులుతాను. రాత్రే ఎందుకంటే చీకట్లో నాచు పని ఆపేస్తుంది, పీహెచ్ తగ్గుతుంది, సున్నం దాన్ని నిలబెడుతుంది. ఒక జాగ్రత్త: ఆ తేట పీహెచ్ 12 పైమాటే. కంట్లో పడితే చూపు పోతుంది. పిల్లలకు అందని ఎత్తున పెట్టండి.

ఈ పగలూ రాత్రీ తేడా భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులకు కంఠతా వచ్చు. 2009 తర్వాత వనామీ వచ్చాక వాళ్లు చెరువు గట్టు మీదే తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పీహెచ్ చూసి, సున్నమూ డోలమైటూ సోడా లెక్కగట్టి వేయడం అలవాటు చేసుకున్నారు. కళాశాల గడప తొక్కని రైతు క్షారత గురించి మాట్లాడుతుంటే విని ముచ్చటపడ్డాను. నా తొట్టిలో తెల్లవారితే 8.0, సాయంత్రం 8.3. రోజూ అంతే ఊగితే అది ఆరోగ్యమే.

గత సంక్రాంతికి పిల్లలంతా వచ్చారు. ఇల్లు నిండా పన్నెండు మందిమి. చలికి కిటికీలన్నీ మూసేశారు. మర్నాడు ఉదయం చూస్తే పీహెచ్ 7.8. క్షారత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అంటే తొట్టిలో ఏ లోపమూ లేదు, గదిలోని గాలే మారింది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లకు 420 పైన ఉంటుంది. మూసిన గదిలో అంతమంది ఊపిరి వదిలితే వెయ్యి దాటడం మామూలే. ఆ వాయువు నీటిలో కరిగి ఆమ్లమైంది. రెండు కిటికీలు తెరిచాను, మధ్యాహ్నానికి యథాస్థితి.

ఈ సంగతి ఇంతటితో వదిలేయలేను. మన భూమి కూడా కిటికీలు మూసిన గదే. పరిశ్రమలు రాకముందు గాలిలో ఆ వాయువు 280 ఉండేది. మనుషులు వదిలే దానిలో దాదాపు నాలుగో వంతును సముద్రమే పీల్చుకుంటున్నది. దానితో సముద్రపు పీహెచ్ సుమారు 8.2 నుండి 8.1కి దిగింది. అంకె చిన్నదే గానీ, పీహెచ్ లెక్క తెలిసినవారికి ఆమ్లత పాతిక శాతం పైగా పెరిగిందని అర్థమవుతుంది. దీనికి వేడి తోడైంది. 1998లో లక్షద్వీపాల పగడాలు తెల్లబడిపోయాయి, 2024లో మళ్లీ తెల్లబడ్డాయి. మనలో సింగరేణి గనుల్లో బొగ్గు తవ్వినవారున్నారు, నాలా ఆ బొగ్గు కాల్చిన చోట పనిచేసినవారున్నారు. ఆ కరెంటుతోనే మన పిల్లలు చదువుకున్నారు, మన బోర్లు నడిచాయి, దాన్ని నేను తక్కువ చేయను. ఆ పొగ లక్షద్వీపాల నీటిదాకా వెళ్లిందన్నదీ అంతే నిజం. తొట్టి ముందు కూర్చుని పీహెచ్ రాసుకునేటప్పుడు రెండూ గుర్తొస్తాయి.

కరెంటు మాట వచ్చింది కనుక: పంపు ఆగితే ఉప్పునీటిలో ప్రాణవాయువు త్వరగా తరుగుతుంది, అందులో కరిగేదే మంచినీటికంటే తక్కువ. భూపాలపల్లి గనుల నుండి రిటైరైన మిత్రుడొకరు గాలి పంపును ఇన్వర్టరుకు కలిపి, దానికి తోడు బ్యాటరీ పంపు మరొకటి పెట్టుకున్నారు. "గనిలో గాలి ఆగితే ఏమైతదో నాకు తెల్వదా" అన్నారు. ఖర్చు అడిగేవారికి, నా పంపూ దీపమూ కలిసి రోజుకు యూనిట్ పైచిలుకు కాలుస్తాయి.

ఉప్పునీటి తంటా వద్దనుకునేవారు గప్పీలు, మోలీలు పెంచండి. గట్టి బోరునీరే వాటికి ఇష్టం. నిలకడ నియమం వాటికీ అదే. వారానికి పావు తొట్టి నీరు మార్చితే చాలు, అన్నీ ఒకేసారి కడిగేయవద్దు. నల్లా నీరైతే ముందు హైపో వేసి క్లోరిన్ తీసేయాలి.

చివరగా ఒక మనవి. ప్రతి నెలా మొదటి గురువారం మన జనగామ కార్యాలయంలో బ్యూరెట్ పెట్టుకుని కూర్చుంటాను. మీ ఇంటి బోరునీరో, నల్లానీరో లీటరు సీసాలో తీసుకురండి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచుదాకా నింపి, మీ పేరు, ఊరు, బోరు లోతు రాసి అతికించండి. కాఠిన్యం, క్షారత, క్లోరైడ్, పీహెచ్ అప్పటికప్పుడు చెబుతాను, చేపలున్నా లేకున్నా. ఫ్లోరైడ్ పరీక్ష నా దగ్గర కుదరదు, దాన్ని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో చేయించుకోవాలి. మహబూబాబాద్, భూపాలపల్లి వారు నెలనెలా అంత దూరం రానక్కరలేదు, మీ శాఖ కార్యదర్శికి ఇస్తే చాలు.